బెల్లర్మిన్, మిట్టీ, సెయింట్ ఫ్రాన్సిస్: ఆటలాడే పిల్లలకి సౌత్ బేలో ఏ క్యాథలిక్ హైస్కూలు?

అక్టోబర్ వచ్చిందంటే కాలిఫోర్నియాలో శాన్ హోసే దగ్గరి సన్నీవేల్, కుపర్టినో, శాంటా క్లారా చుట్టుపక్కల ఎనిమిదో తరగతి పిల్లలున్న తెలుగు ఇళ్ళలో ఒకటే చర్చ. గుడి పార్కింగ్‌లో కలిసినా, ఎవరింట్లోనో సత్యనారాయణ వ్రతంలో కలిసినా, ప్రసాదం చేతిలో పడేలోపే అడిగేస్తారు: "మీ వాడిని బెల్లర్మిన్‌కి పెడుతున్నారా, మిట్టీకా?" పక్కనుంచి ఇంకొకరు "సెయింట్ ఫ్రాన్సిస్ చూశారా?" అంటారు. చదువు సంగతైతే మనవాళ్ళ దగ్గర లెక్కలన్నీ ఉంటాయి. ఆటల దగ్గరికొచ్చేసరికి మాత్రం "అక్కడ స్పోర్ట్స్ బాగుంటాయట" అని ఊరుకుంటాం. ఆ "అట" వెనక ఏముందో మా ఇంట్లో కొంచెం కష్టంగానే తెలిసొచ్చింది. ఇప్పుడు ఆ మూడింటి మధ్య ఊగిసలాడుతున్న వాళ్ళ కోసం ఇది రాస్తున్నాను. మా వాడు చివరికి ఏ బడిలో చేరాడో చెప్పను. చెబితే పోలికంతా పక్షపాతం అంటారు.

## ముందు చూసుకోవాల్సినవి

అన్నిటికన్నా ముందు చూడాల్సింది జట్టులో చోటు. బడి గోడ మీద ఎన్ని బ్యానర్లున్నాయన్నది కాదు, మీ పిల్ల లేదా పిల్లాడు ఆ ఆటలో యూనిఫారం వేసుకుంటారా లేదా అన్నది. ఈ రెండూ చాలాసార్లు ఎదురెదురుగా నడుస్తాయి. ట్రోఫీలు ఎంత ఎక్కువుంటే ఆ ఆట కోసం వచ్చే పిల్లలూ అంత ఎక్కువ, మనవాడికి చోటు అంత ఇరుకు.

మా సంగతే చెబుతాను. మా వాడు సిటీ రెక్ లీగ్‌లో బాస్కెట్‌బాల్ బాగానే ఆడేవాడు. తొమ్మిదో తరగతిలో ఫ్రెష్‌మన్ టీమ్ ట్రైఅవుట్స్ మూడు రోజులు. మూడో రోజు రాత్రి లిస్టు ఆన్‌లైన్‌లో పెడతామన్నారు. తొమ్మిదిన్నరకి వచ్చింది. అందులో పేర్లు లేవు, ట్రైఅవుట్ నంబర్లే. మా వాడి చొక్కాకి సేఫ్టీ పిన్నుతో పెట్టిన కాగితం మీద 41 ఉంది. లిస్టులో 38 తర్వాత 44. వాడు ఫోన్‌ని రెండుసార్లు పైకీ కిందకీ జరిపి, నా చేతికిచ్చి, "నువ్వోసారి చూడమ్మా" అన్నాడు. నేను చూసినంత మాత్రాన మధ్యలో 41 ఎక్కడినుంచి వస్తుంది?

బాస్కెట్‌బాల్ జట్టంటే పన్నెండు, పదిహేను మంది. వాలీబాల్, బేస్‌బాల్, సాకర్, గోల్ఫ్, టెన్నిస్‌లోనూ కట్ ఉంటుంది, అంటే వచ్చినవాళ్ళలో కొందర్నే ఉంచి మిగతావాళ్ళని పంపేస్తారు. క్రాస్ కంట్రీ, ట్రాక్, అమెరికన్ ఫుట్‌బాల్ లాంటి వాటిల్లో సాధారణంగా వచ్చినవాళ్ళందరినీ తీసుకుంటారు. ఈ ఒక్క తేడా తెలిసి ఉంటే ఓపెన్ హౌస్‌లో, అంటే చేరకముందు బడి చూడ్డానికి పిలిచే రోజున, మేం అడిగే ప్రశ్నలే వేరుగా ఉండేవి.

రెండోది దూరం. ఈ మూడు బడులూ వెస్ట్ క్యాథలిక్ అథ్లెటిక్ లీగ్‌లో ఆడతాయి. లీగ్ పేరులో క్యాథలిక్ అని ఉన్నా వ్యాలీ క్రిస్టియన్ అనే ప్రొటెస్టెంట్ బడి కూడా అందులో ఉంది, అది వేరే సంగతి. ఈ లీగ్ శాన్ ఫ్రాన్సిస్కో దాకా పరుచుకుని ఉంటుంది: సెయింట్ ఇగ్నేషియస్, సేక్రెడ్ హార్ట్ కెథీడ్రల్, రియోర్డన్ అక్కడివే. మధ్యలో శాన్ మటేయోలో సెర్రా ఉంది. క్వార్టర్‌బ్యాక్ టామ్ బ్రేడీ, బేస్‌బాల్ బ్యారీ బాండ్స్ చదివిన బడి అది. కాబట్టి బుధవారం సాయంత్రం మ్యాచ్ అంటే 280 హైవే మీద ట్రాఫిక్‌లో గంట పైమాటే. పిల్లాడు రాత్రి తొమ్మిదికి ఇంటికొచ్చి అప్పుడు కెమిస్ట్రీ పుస్తకం తీస్తాడు. మన పబ్లిక్ హైస్కూళ్ళ లీగుల్లో ప్రత్యర్థులు చాలావరకు పక్క ఊళ్ళవాళ్ళే.

మూడోది తిరిగి రాలేని సంగతి. ఎనిమిదో తరగతి అయ్యాక ఏ బడిలో చేరినా ఆటకి ఇబ్బంది లేదు. చేరాక, ఇల్లు మారకుండా బడి మాత్రం మారితే రాష్ట్రంలో హైస్కూలు ఆటలు నడిపే కాలిఫోర్నియా ఇంటర్‌స్కొలాస్టిక్ ఫెడరేషన్ నియమాలు అడ్డొస్తాయి. గత 12 నెలల్లో ఆడిన ఆటలో, కొత్త బడి వర్సిటీ జట్టుకి (బడి ప్రధాన జట్టుకి) ఆడాలంటే మామూలుగా సీజన్లో కొంత భాగం బయట కూర్చోవాలి. "ఒక ఏడాది చూద్దాం, నచ్చకపోతే మార్చేద్దాం" అనే మన ధోరణి ఆటలాడే పిల్లల విషయంలో పనికిరాదు.

ఫీజు గురించి పెద్దగా తేడా లేదు. మూడింట్లోనూ ఏడాది ట్యూషన్ 20 వేల డాలర్లు దాటి చాలా కాలమైంది. మూడూ ఆదాయాన్ని బట్టి సాయం చేస్తాయి, అడగడానికి మొహమాటపడకండి. ఆటలో స్కాలర్‌షిప్ వస్తే ఈ డబ్బు తిరిగొస్తుందన్న లెక్క మాత్రం వేయకండి. హైస్కూల్లో ఆడేవాళ్ళలో కాలేజీ ఆట స్కాలర్‌షిప్ దక్కేది సుమారు 2 శాతానికే అని కాలేజీ ఆటలు నడిపే ఎన్‌సీఏఏ వాళ్ళే చెబుతారు.

## బెల్లర్మిన్: 1851 నుంచి

1851లో జాన్ నోబిలి అనే ఇటలీ ఫాదర్, జెసూయిట్లనే క్యాథలిక్ సంఘానికి చెందినాయన, పాత శాంటా క్లారా మిషన్‌లో కాలేజీ మొదలుపెట్టారు. కాలిఫోర్నియా రాష్ట్రమై అప్పటికి ఏడాదే. ఆ కాలేజీలోని హైస్కూలు విభాగమే ఇవాళ్టి బెల్లర్మిన్. యూనివర్సిటీ ఆఫ్ ద పసిఫిక్ స్టాక్టన్‌కి తరలిపోవడంతో ఖాళీ అయిన శాన్ హోసే క్యాంపస్‌లోకి 1925లో మారింది. 1928లో రాబర్ట్ బెల్లర్మిన్ అనే జెసూయిట్ సెయింట్ పేరు పెట్టుకుంది. మన విజయవాడలో 1953లో ఆంధ్ర లయోలా కాలేజీ పెట్టింది కూడా ఈ జెసూయిట్లే. మావారు లయోలాలో ఇంటర్ చదివారు. ఓపెన్ హౌస్‌లో అడుగుపెట్టగానే "ఫాదర్లు మారినా వాసన మారలేదు" అన్నారు, మెచ్చుకుంటూనే.

ఇది అబ్బాయిల బడిగా పెరిగింది. 1973లో జెసూయిట్ల పెద్ద పెద్రో అరూపె ఒక ప్రసంగంలో వాడిన "ఇతరుల కోసం బతికే మనుషులు" అన్న మాట ఇక్కడ ప్రతి సభలోనూ వినిపిస్తుంది. కొంతమంది పిల్లలకి అది ఒంటబడుతుంది. కొంతమందికి గోడమీది బోర్డులాగే మిగిలిపోతుంది.

ఆటల్లో దీని ముద్ర ఈత మీద. రాష్ట్ర ఫెడరేషన్‌లో ఈ ప్రాంతపు విభాగమైన సెంట్రల్ కోస్ట్ సెక్షన్ అబ్బాయిల స్విమ్మింగ్ టైటిల్‌ని 1985 నుంచి ముప్పై ఏళ్ళకు పైగా ఏటా వదలకుండా గెలుస్తూ వచ్చింది. తండ్రి ఈదిన కొలనులో కొడుకు ఈది, ఇద్దరూ ఓడని ఇళ్ళున్నాయంటే అతిశయోక్తి కాదు. వాటర్ పోలో కూడా బలమే. బేస్‌బాల్‌లో ప్యాట్ బరెల్ ఇక్కడివాడు. 1998లో మేజర్ లీగ్ జట్లు కొత్త ఆటగాళ్ళని ఎంచుకునే డ్రాఫ్ట్‌లో దేశం మొత్తానికీ మొదటి పేరు అతనిదే. డిబేట్‌కీ ఈ బడికి పెద్ద పేరే ఉంది. మన పిల్లలు ఎక్కువగా అటే మొగ్గుతారు కాబట్టి ఆ సంగతి మీకు ఇప్పటికే తెలిసుంటుంది.

నాకు నచ్చిన విషయం ఒకటి చెబుతాను. బడి పక్కనే కాలేజ్ పార్క్ అనే చిన్న కాల్‌ట్రెయిన్ స్టేషన్ ఉంది. చాలా రైళ్ళు అక్కడ ఆగవు. పొద్దునా సాయంత్రం ఆగే ఆ నాలుగు రైళ్ళూ ఈ పిల్లల కోసమే అన్నట్టుంటాయి. ఒక ఉదయం నేను ఆ ప్లాట్‌ఫాం దగ్గర కారాపుకుని చూశాను. రైలు దిగిన గుంపులో సగం మంది భుజాన పొడవాటి సంచులు. ఒకడు ఫాయిల్లో చుట్టిన దోసె తింటూ, ఇంకో చేత్తో సంచి జిప్ పెడుతూ పట్టాలు దాటే గేటు వైపు పరిగెత్తాడు. మౌంటెన్ వ్యూ, సన్నీవేల్ వాళ్ళకి కార్‌పూల్ గొడవ లేకుండా బడికి వెళ్ళే దారి ఇదొక్కటే. తల్లిదండ్రులిద్దరూ ఉద్యోగాలకి పరిగెత్తే ఇంట్లో దీని విలువ ఏ ట్రోఫీకీ తీసిపోదు.

లోటు లేకపోలేదు. శుక్రవారం రాత్రి ఫుట్‌బాల్ సొంత బడిలో కాదు, శాన్ హోసే సిటీ కాలేజీ స్టేడియంలో చూడాలి. ఇక పదేళ్ళ నుంచి క్లబ్బుల్లో ఈదుతున్న పిల్లల మధ్య, నిన్నగాక మొన్న ఫ్రీస్టయిల్ నేర్చుకున్నవాడు రిలే జట్టులోకి వస్తాడని ఆశపడకూడదు.

## మిట్టీ: తోటల మధ్య పుట్టింది

ఇవాళ ఆఫీసులున్న ఈ లోయంతా ఒకప్పుడు ఆప్రికాట్, ప్రూన్ తోటలు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఇళ్ళు లేచాయి, పిల్లలు పెరిగారు, బడులు చాల్లేదు. ఆ అవసరంలోంచే 1964లో శాన్ హోసే పడమటి అంచున ఆర్చ్‌బిషప్ మిట్టీ హైస్కూలు వచ్చింది. 1935 నుంచి 1961 దాకా శాన్ ఫ్రాన్సిస్కో ఆర్చ్‌బిషప్‌గా ఉన్న జాన్ మిట్టీ పేరది. మొదట అబ్బాయిలకే. 1972లో పక్కనున్న మదర్ బట్లర్ అనే అమ్మాయిల బడి ఇందులో కలిసిపోయింది. చదువులో ఆడపిల్లల పట్ల వివక్షని నిషేధించిన టైటిల్ నైన్ చట్టం అమెరికాలో వచ్చింది కూడా ఆ ఏడే. ఇది యాదృచ్ఛికమే కావచ్చు. కానీ ఆ తర్వాత ఈ బడి నుంచి వచ్చిన ఆడపిల్లల పేర్లు చూడండి.

1999 ప్రపంచ కప్ సాకర్ ఫైనల్లో చైనా మీద చివరి పెనాల్టీ కొట్టిన బ్రాండీ చాస్టెయిన్. బీచ్ వాలీబాల్‌లో 2004, 2008, 2012 ఒలింపిక్స్‌లో మూడు స్వర్ణాలు, 2016లో కాంస్యం తెచ్చిన కెర్రీ వాల్ష్. 2021లో స్టాన్‌ఫర్డ్‌ని జాతీయ చాంపియన్ చేసిన బాస్కెట్‌బాల్ జట్టులోని హేలీ జోన్స్. 2014 సోచీ ఒలింపిక్స్‌కి వెళ్ళిన స్కేటర్ పొలీనా ఎడ్మండ్స్. అబ్బాయిల్లో 2023లో డెన్వర్ నగెట్స్ తరఫున ఎన్‌బీఏ టైటిల్ గెలిచిన ఆరన్ గోర్డన్ ఉన్నాడు.

ఇంత పేరున్న చోట అమ్మాయిల బాస్కెట్‌బాల్ ఏ స్థాయిలో ఉంటుందో వేరే చెప్పాలా? 2023లోనూ 2024లోనూ రాష్ట్ర ఓపెన్ డివిజన్ ఫైనల్ దాకా వెళ్ళి, రెండుసార్లూ దక్షిణ కాలిఫోర్నియాలోని ఎటివాండా బడి చేతిలో ఓడింది. ఓడినా, అక్కడిదాకా వెళ్ళే జట్టులో మీ అమ్మాయికి చోటు కావాలంటే ఆరో తరగతి నుంచే క్లబ్ బాస్కెట్‌బాల్ ఆడి ఉండాలి. సరదాకి ఆడే పిల్లని "మిట్టీ అంటే బాస్కెట్‌బాల్ కదా" అని ఇక్కడ చేర్చడం, సంగీతంలో సరళీ స్వరాలు నేర్చుకుంటున్న పిల్లని నేరుగా కచేరీ వేదిక ఎక్కించడమే. నిజంగా అంత ఆడే పిల్లయితే మాత్రం ఈ లోయలో ఇంతకన్నా మంచి చోటు నాకు కనిపించలేదు.

లారెన్స్ ఎక్స్‌ప్రెస్‌వే, 280 దగ్గరే కాబట్టి కుపర్టినో, శాంటా క్లారా, వెస్ట్ శాన్ హోసే వాళ్ళకి చాలా దగ్గర. అన్నా చెల్లెలూ ఉన్న ఇంటికి ఒకే బడి, ఒకే డ్రాప్. దీని ముందు మిగతా వాదనలన్నీ తేలిపోయిన ఇళ్ళు నాకు రెండు తెలుసు.

## సెయింట్ ఫ్రాన్సిస్: ఒక్క ఆట బడి కాదు

మౌంటెన్ వ్యూలో మిరమాంట్ అవెన్యూ మీద 1955లో హోలీ క్రాస్ బ్రదర్లు పెట్టారు. ఇండియానాలోని నోటర్ డేమ్ యూనివర్సిటీ కూడా ఈ హోలీ క్రాస్ వాళ్ళదే. ఇదీ మొదట అబ్బాయిలదే, ఇదీ 1972లోనే పక్కనున్న అమ్మాయిల బడితో కలిసింది.

దీని గురించి రాయడం కొంచెం కష్టం. బెల్లర్మిన్ అంటే ఈత, మిట్టీ అంటే అమ్మాయిల ఆటలు అన్నట్టు ఒక్క ముక్కలో తేల్చలేం. ఫుట్‌బాల్ చరిత్ర గట్టిది. క్యాంపస్‌లోని స్టేడియానికి పాత కోచ్ రాన్ కాల్కాన్యో పేరే పెట్టుకున్నారు. బెల్లర్మిన్‌తో ఆడే ఫుట్‌బాల్ మ్యాచ్‌ని ఇక్కడివాళ్ళు "పవిత్ర యుద్ధం" అంటారు. టికెట్ కొని ఒకసారి వెళ్ళండి. ఆట అర్థం కాకపోయినా బడి ఎలాంటిదో ఆ రెండున్నర గంటల్లో అర్థమవుతుంది. 2011లో సెయింట్ లూయిస్ కార్డినల్స్ తరఫున వరల్డ్ సిరీస్ గెలిచిన డేనియల్ డెస్కాల్సో ఇక్కడే బేస్‌బాల్ ఆడాడు.

లాస్ ఆల్టోస్, మౌంటెన్ వ్యూ, ఉత్తర సన్నీవేల్ వాళ్ళకి బాగా దగ్గర. శాన్ హోసే తూర్పు వైపు నుంచి రావాలంటే నాలుగేళ్ళు పొద్దున్నే ట్రాఫిక్‌తో యుద్ధం, అది మాత్రం పవిత్రమైనది కాదు.

| | బెల్లర్మిన్ | మిట్టీ | సెయింట్ ఫ్రాన్సిస్ |
|---|---|---|---|
| మొదలు | 1851 | 1964 | 1955 |
| ఎవరి పునాది | జెసూయిట్లు | శాన్ ఫ్రాన్సిస్కో ఆర్చ్‌డయోసిస్ | హోలీ క్రాస్ బ్రదర్లు |
| ఎవరికి | అబ్బాయిల బడిగా పేరు | 1972 నుంచి ఇద్దరికీ | 1972 నుంచి ఇద్దరికీ |
| జట్ల పేరు | బెల్స్ | మోనార్క్స్ | లాన్సర్స్ |
| ముందు గుర్తొచ్చేది | ఈత, వాటర్ పోలో | అమ్మాయిల బాస్కెట్‌బాల్, వాలీబాల్, సాకర్ | ఫుట్‌బాల్, ఇంకా చాలా |
| ఎవరికి దగ్గర | కాల్‌ట్రెయిన్ దారిలో ఉన్నవాళ్ళకి | కుపర్టినో, శాంటా క్లారా | మౌంటెన్ వ్యూ, లాస్ ఆల్టోస్ |

## ఎవరికి ఏది

క్లబ్ స్థాయిలో ఈదే అబ్బాయికి బెల్లర్మిన్, క్లబ్ స్థాయిలో బాస్కెట్‌బాలో వాలీబాలో ఆడే అమ్మాయికి మిట్టీ. ఇందులో నాకు రెండో ఆలోచన లేదు.

అమ్మాయికి అమ్మాయిల బడే కావాలనుకుంటే ఈ మూడింటి దగ్గరే ఆగిపోకండి. శాన్ హోసేలో నోటర్ డేమ్ ఉంది, అది కూడా 1851లో పుట్టిందే. ప్రెజెంటేషన్ హైస్కూలుంది. అమెరికా సాకర్ జట్టుకి ఆడిన ఆలీ వాగ్నర్, డానియెల్ స్లేటన్ అక్కడివాళ్ళు. వాళ్ళిద్దరూ, మిట్టీలో చదివిన చాస్టెయిన్, లెస్లీ ఆజ్‌బర్న్ కలిసి మొదలుపెట్టిందే 2024 నుంచి ఆడుతున్న బే ఎఫ్‌సీ అనే మహిళల సాకర్ జట్టు.

బ్యాడ్మింటన్ ఆడే పిల్లలున్నవాళ్ళు కొంచెం ఆగండి. మన పిల్లల్లో సగం మంది ఆడేది అదే, మన చుట్టూ ఉన్న పబ్లిక్ హైస్కూళ్ళలో ఆ ఆట గట్టిగా ఉంది. మీరు చూస్తున్న క్యాథలిక్ బడిలో దానికి లీగ్ జట్టు ఉందో లేదో ఫోన్ చేసి కనుక్కున్నాకే ఫీజు సంగతి ఆలోచించండి. క్రికెట్ అయితే ఏ బడైనా ఒకటే. రాష్ట్ర ఫెడరేషన్ ఆటల జాబితాలో అది లేదు, అకాడమీ ఖర్చు ఎలాగూ వేరే.

ఏ ఆటలోనూ ఫలానా అని చెప్పలేని, కానీ సాయంత్రం ఇంట్లో స్క్రీన్ ముందు కూర్చోకుండా ఏదో ఒక జట్టులో ఉండాలనుకునే పిల్లలే మన ఇళ్ళలో ఎక్కువ. నా సలహా ముఖ్యంగా వాళ్ళకే. మూడు బడుల్లో ఏది దగ్గరో అది చూడండి, అందులో కట్ లేని ఆటలేమిటో చూడండి. ఓపెన్ హౌస్‌లో కోచ్‌ని "ఎన్ని టైటిళ్ళు గెలిచారు" అని అడగకండి, అది గోడ మీదే రాసి ఉంటుంది. "పోయినేడు ట్రైఅవుట్‌కి ఎంతమంది వచ్చారు, ఎంతమందిని తీసుకున్నారు, తీసుకోనివాళ్ళు ఏం చేశారు" అని అడగండి. మూడో ప్రశ్నకి జవాబు చెప్పేటప్పుడు ఆయన మొహం చూడండి.

మతం గురించి అమ్మమ్మలకీ నాన్నమ్మలకీ ఉండే టెన్షన్ మా ఇంట్లోనూ వచ్చింది. "అక్కడ మార్చేస్తారేమో" అని మా అత్తగారు గుంటూరు నుంచి ఫోన్ చేశారు. ఆవిడ కొడుకే లయోలాలో చదివాడని గుర్తుచేస్తే నవ్వేశారు. ఈ బడులు క్యాథలిక్ కాని పిల్లల్ని మామూలుగానే తీసుకుంటాయి. మతశాస్త్రం క్లాసు మాత్రం అందరికీ తప్పదు, మాస్‌కి (చర్చి ప్రార్థనకి) కూర్చోవాలి, సేవా కార్యక్రమాలు చేయాలి, రిట్రీట్లు ఉంటాయి. మా వాడికి ఇప్పుడు జెసూయిట్ల మూలపురుషుడు సెయింట్ ఇగ్నేషియస్ గురించి నాకన్నా ఎక్కువ తెలుసు. హనుమాన్ చాలీసా కూడా మర్చిపోలేదు, రేసుకి ముందు చదువుకుంటాడు.

అవును, రేసే. జాబితాలో 41 లేని మర్నాడు క్రాస్ కంట్రీ కోచ్ వాడిని కారిడార్లో ఆపి, సీజన్ అయిపోయినా వసంతంలో ట్రాక్ ఉందని, కట్ లేదని చెప్పాడట. ఇప్పుడు శరదృతువు శనివారాల్లో మేం బెల్మాంట్ కొండల మీద క్రిస్టల్ స్ప్రింగ్స్ కోర్సు దగ్గర మడత కుర్చీలేసుకుని కూర్చుంటాం. 2.95 మైళ్ళు, అంతా ఎండిపోయిన మట్టి. వందమందికి పైగా ఒకేసారి బయల్దేరితే లేచే దుమ్ములో ఎవరు మనవాడో మొదటి నిమిషం తెలియదు. పోయిన శనివారం వాడికి అరవై మూడో స్థానం వచ్చింది. ఇంటికి వస్తూ కారంతా దుమ్ము చేసి, వచ్చే వారం అరవైలోపు వస్తానని చెబుతూనే నిద్రపోయాడు.